ఎట్టుండాయన్నా నూడుల్స్?

నూడుల్స్ ఉడకెయ్యడం ఏమంత పెద్ద పనని తిమోతి నలుగురిలో అంటూ ఉంటాడు. నీళ్ళు మసిలితే వెయ్యడం, మెత్తబడితే తియ్యడం, అంతే గదా అంటాడు. ఆ అంతే గదాలో ఏముందో ఆయన భార్య జయశీలను అడగాలి. మిట్టమధ్యాహ్నం రేకుల షెడ్డు కింద, మోకాలెత్తు దబరాలో నీళ్ళు మసలబెట్టి, ఉప్పూ నూనే వేసి, పొట్లాలు చించి గుమ్మరించి, అవి ముద్దకట్టకముందే పొడుగాటి కర్రతో విడదీస్తూ ఉండాలి. ఒక పోగు తీసి గోటితో తుంచి చూస్తే మధ్యలో సన్నటి తెల్ల పలుకు కనిపించాలి. అది కనిపిస్తుండగానే దించెయ్యాలి. కాస్త ఏమరిస్తే సాయంత్రం బాణలిలో పడగానే చిదికిపోతాయి. ఆ దబరాను ఒక్కతే రెండు గుడ్డలతో పట్టుకుని చిల్లుల గంపలోకి ఒంపేటప్పుడు ఆవిరి మొహానికి ఎగదన్నుతుంది, కళ్ళు మూసుకోవాలి, మూసుకునే ఒంపాలి. తర్వాత చన్నీళ్ళు, మళ్ళీ నూనె, బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ఆరబొయ్యడం. ఆపైన క్యాబేజీ, క్యారెట్, ఉల్లికాడలు సన్నగా తరగడం, కోడిమాంసం ముక్కలకు పిండి పట్టించడం, ఎండుమిరపకాయలూ వెల్లుల్లీ కలిపి ఎర్రకారం నూరడం, నిన్నటి బాణళ్ళ మసి రుద్దడం. ఇదంతా అయ్యాక, పొద్దు వాలాక, తిమోతి స్నానం చేసి, తల దువ్వుకుని, నల్ల ఏప్రాన్ కట్టుకుని వచ్చి పొయ్యి వెలిగిస్తాడు. వెలిగించినాయన మాస్టరు. మరి ఈమె ఎవరంటే, దానికింకా ఎవరూ పేరు పెట్టలేదు.

చిల్లకూరు దగ్గర హైవే పక్క సర్వీసు రోడ్డులో తిమోతి ఫాస్ట్ ఫుడ్ అంటే తెలియనివాళ్ళు తక్కువ. గూడూరు నుంచి కాలేజీ పిల్లలు బళ్ళేసుకుని వస్తారు. షిఫ్టు దిగిన కంపెనీవాళ్ళు, కోట ఊరి వైపు రొయ్యల గుంటల దగ్గర పనిచేసేవాళ్ళు, లారీ ఆపుకుని దిగే డ్రైవర్లు, అందరూ అక్కడికే. తిమోతి బాణలి ఎగరేస్తే మంట మనిషెత్తు లేస్తుంది. పిల్లలు సెల్లు ఎత్తి వీడియోలు తీస్తారు. ఆయన పక్కన గల్లాబల్ల దగ్గర తల్లి ఎలిశబెతమ్మ కూర్చుంటుంది. ఆ ఇద్దరి వెనక పూలపూల పరదా. పరదా వెనక జయశీల. అక్కడ ఇంకో పొయ్యి, అంట్ల తొట్టి, గోడకు పెద్ద ఎగ్జాస్టు ఫ్యాను. ఆ ఫ్యాను మోతలో పక్కన బాంబు పేలినా వినపడదు. అందుకని ఇన్నేళ్ళుగా జయశీల కస్టమర్లను చూసిందే గానీ, వాళ్ళ మాట ఎప్పుడూ వినలేదు.

చూడటమైతే బాగా చూసింది. పరదా రెండు ముక్కలు కలిసే చోట వేలెడు సందు ఉంటుంది. ప్లేటు బయటికి పోగానే ఆ సందులో కన్ను పెడుతుంది. ఎవరు ఎలా తింటారో ఆమెకు కంఠతా వచ్చు. ఆటో మస్తానయ్య మొదటి ముద్దకు కళ్ళు మూసుకుంటాడు. కంపెనీలో పనిచేసే సుశీల్ కుమార్ ఫోర్కుకు గుండ్రంగా చుట్టి చుట్టి, చివర్న ప్లేటును కూడా వేలితో ఊడుస్తాడు. ఆడపిల్లలు ఒక ప్లేటు ఇద్దరు పంచుకుని, ఆఖరి చికెను ముక్క కోసం కొట్టుకుంటారు. ఏదో ముచ్చటపడి చూస్తుందనుకునేరు. కాదు. ఆ దవడలు ఎలా ఆడుతున్నాయన్న దాన్నిబట్టి ఆమె వీపు ఈ సాయంత్రం ఎలా ఉండబోతుందో తెలుస్తుంది.

ఎందుకంటే, కస్టమరు ఆఖరి ముద్ద మింగగానే తిమోతి బాణలి దించి, చేతులు తుడుచుకుంటూ వెళ్ళి, "ఎట్టుండాయన్నా నూడుల్స్?" అని అడుగుతాడు. ప్రతివాణ్ణీ అడుగుతాడు. ఎంత వినయమో పాపం అనుకుంటారు జనం. "సూపరన్నా" అంటే అది తిమోతి చెయ్యి. "కొంచెం ఉప్పెక్కువైందన్నా" అంటే అది జయశీల చెయ్యి. ఆ ఇంట్లో ధర్మం అది. ఉప్పెక్కువ అన్న మాట వినగానే తిమోతి నవ్వుతూనే "ఒక్క నిమిషం అన్నా" అని పరదా తీసుకుని లోపలికి వస్తాడు. ఆయన అటు రాగానే ఎలిశబెతమ్మ గల్లాబల్ల దగ్గర్నుంచి లేచి, గరిటె అందుకుని ఖాళీ బాణలి మీద ఠంగు ఠంగుమని వాయిస్తుంది. ఎవరికోసమో ఏదో వండుతోందనుకోవాలి. లోపల ఫ్యాను మోత, బయట బాణలి మోత. ఆ రెండు మోతల మధ్య నోరు నొక్కుకునే పని జయశీలది.

తిమోతి ఆమె మొహం జోలికి పోడు. ఆదివారం చర్చిలో పక్కన కూర్చోబెట్టుకోవాలి గదా, ఆయన పాటలు పాడే మనిషి గదా. వీపు, తొడలు, రవికె చేతుల లోపల కనపడని చోటు. లోపల గోడకు వేలాడే ఇనప అట్లకాడతో కొడతాడు. అరవడు. పళ్ళు కొరుకుతూ చిన్నగా మాట్లాడతాడు. "నా పేరు చెడగొట్టేదానికి పుట్టినావే నువ్వు. బయట మొగోడు కష్టపడి నిలబెడతా ఉంటే లోపల కూర్చోని కూలగొడతా ఉండావు." కొట్టాక ఒక ఆమ్లెట్ వేయించుకుని, దాన్ని పట్టుకుని నవ్వుతూ బయటికి పోతాడు. "ఏమనుకోబాకన్నా, లోపల మా ఆడామె పరధ్యానంగా ఉంటది. ఇది నా తరపున తిను" అంటాడు. అప్పుడు ఎలిశబెతమ్మ గరిటె దించి, చెమట తుడుచుకుని, గల్లాబల్ల దగ్గర కూర్చుంటుంది. ఆమెకూ ఆయాసమే పాపం, వయసు మీద పడింది.

ఒకసారి, పెళ్ళయిన కొత్తలో కాదు, షాపు పెట్టిన కొత్తలో, జయశీల అత్తతో అన్నది, మీరు కాస్త చెప్పండత్తా అని. "మా ఆయన నన్ను చేపల గంప తిరగేసి కొట్టేవోడు. నేనేమన్నా చచ్చినానా?" అన్నది ఎలిశబెతమ్మ. "తాగడు, తిరగడు, వ్యాపారం మీద ధ్యాసున్నోడు. ఉప్పు సరిగ్గా ఏస్తే ఎందుకు కొడతాడు? నువ్వు సరిగ్గా ఏసి చూడు మే." ఎంత న్యాయమైన మాట! చర్చిలో కరుణాకుమారి అక్కతో చెప్పుకుంటే ఆమె కళ్ళు తుడిచి, తలమీద చెయ్యి పెట్టి, "ప్రార్థన చేసుకో చెల్లీ, ఆయన మనసు దేవుడు మారుస్తాడు" అని, పోతూ పోతూ పిల్లలకు రెండు పార్సిళ్ళు కట్టించుకుపోయింది. ఆ పార్సిళ్ళలో కూడా ఉప్పెక్కువైందని ఎక్కడ అంటుందోనని ఆ వారమంతా జయశీల వణుకుతూనే ఉంది.

అన్నిటికన్నా ఒళ్ళు మండే సంగతి ఏమిటంటే, ఆమె నమ్మింది. తప్పు తన చేతిదేనని మనసారా నమ్మింది. ఉప్పు తగ్గిస్తే చప్పగా ఉందంటారు, పెంచితే ఎక్కువైందంటారు. గరిటెతో వెయ్యడం మానేసి చెంచాతో వేసింది, చెంచా మానేసి చిటికెలతో వేసింది. పొద్దున లేవగానే నాలుక గీసుకుని, ఏమీ తినకుండా రుచి చూసేది, తింటే నాలుక మోసం చేస్తుందేమోనని. శుక్రవారాలు ఉపవాసం ఉండి, ప్రభువా, నా చేతికి ఉప్పు తెలిసేలా చెయ్యి అని మోకాళ్ళ మీద ఏడ్చింది. ఉప్పు కోసం ఉపవాస ప్రార్థన చేసిన ఆడమనిషి ఈ భూమ్మీద ఆమె ఒక్కతేనేమో. ఉప్పెక్కువైందన్న ప్లేటు అంట్ల తొట్టిలోకి వచ్చేటప్పటికి అడుగున ఒక్క క్యారెట్టు తురుము కూడా ఉండేది కాదు. కడిగేది తనే. చూసేది తనే. అయినా ఇంత ఉప్పెక్కువైతే ఇంత శుభ్రంగా ఎలా తిన్నాడబ్బా అని ఒక్కరోజు కూడా అనుకోలేదు. ఎలా అనుకుంటుంది? తప్పు తనదైతే రేపు దిద్దుకోవచ్చు, దిద్దుకుంటే దెబ్బలు ఆగుతాయి, ఆ ఒక్క ఆశ ఉంటుంది. తప్పు తనది కానే కాదంటే ఇక దేన్ని దిద్దుకోవాలి?

ఒక ఆదివారం ఫ్యాను కాలిపోయింది. షాపు తీసిన కాసేపటికే మోటారులోంచి పొగవచ్చి ఆగింది. "రేపు చూద్దాంలే. ఒక్క పూట చెమట పడితే కరిగిపోతావా ఏంది?" అని తిమోతి పొయ్యి దగ్గరికి పోయాడు. లోపల ఉక్క. నూనె కాగే బాణలి ముందు నిలబడితే ఒళ్ళు కుతకుత ఉడుకుతోంది. కానీ, ఓరి దేవుడా, మాటలు వినపడుతున్నాయి! కుర్చీలు జరిగే చప్పుడు, నవ్వులు, ఫోర్కులు ప్లేటుకు తగిలే చప్పుడు, అన్నీ. జయశీలకు చెవుల్లోంచి ఏదో బిరడా తీసినట్టయింది. ఇద్దరు ఆడపిల్లలు పరదా పక్క బల్ల దగ్గర కూర్చున్నారు. "ఈ ఎర్రకారం ఎవురు నూరతారో గానీ, వాళ్ళ చేతులకి దండం పెట్టాలమే" అంది ఒక పిల్ల. రెండోది నోటినిండా పెట్టుకుని ఊ ఊ అంటోంది. జయశీల తన చేతుల్ని చూసుకుంది. మిరప ఘాటుకు వేళ్ళ చివర్లు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత మంచి మాట ఇన్నాళ్ళూ ఈ పరదాకు అవతలే ఆగిపోయిందా అని ప్రాణం ఉసూరుమంది.

ఆ పిల్లలు లేచిపోయాక అదే బల్ల దగ్గరికి సుశీల్ కుమారూ, ఇంకో కొత్త కుర్రాడూ వచ్చారు. కొత్తవాడిది బుచ్చిరెడ్డిపాలెం. వాళ్ళ ప్లేట్లు పోయాయి. అలవాటు కొద్దీ జయశీల సందులో కన్ను పెట్టింది. ఇప్పుడు చెవి కూడా పెట్టింది.

"ఎట్టుందిరా?" అన్నాడు సుశీల్.

"అబ్బ, చంపేసినాడు గదరా సామీ. మా బుచ్చిలో ఇట్టాటియి యాడ దొరకతాయి?" అన్నాడు కొత్తవాడు.

"నచ్చిందా? తిను, తిను. తినేసినాక అసలు సినిమా చూపిస్తా. అన్న వచ్చి ఎట్టుండాయంటాడు. ఉప్పెక్కువైందంటా. లోపలికి పోతాడు. ఆ ముసలామె లేచి గరిటె పట్టుకుంటది. అది వాయిస్తా ఉందంటే లోపల పెళ్ళానికి పడతా ఉండాయని లెక్క."

"ఊరుకోబ్బా. నిజంగా కొడతాడా?"

"నిజంరా. బయటికొచ్చేటప్పుడు చేతిలో ఆమ్లెట్ ఉంటది, చూడు. ఫ్రీ. మొన్న మస్తానయ్య కారం తక్కువన్నాడు, చికెన్ పకోడీ వచ్చింది. ఇక్కడికొచ్చేవోళ్ళు శానామందికి తెలుసులే ఈ ఆట."

"పాపం గదరా ఆమె."

"మనమా కొట్టేది? మొగుడు పెళ్ళాల గోల మనకెందుకు? తినేదానికి వచ్చినోడు బాగలేదని చెప్పకూడదా ఏంది?"

జయశీల చేతిలో జల్లిగరిటె ఉంది. నూనెలో పకోడీ ముక్కలు వేగుతున్నాయి. అవి మాడుతున్నాయని ముక్కుకు తెలుస్తూనే ఉంది, చెయ్యి కదలలేదు. ఆట అన్నాడు. ఆట! తన వీపు మీద కమిలిన చారలు ఒక ఆమ్లెట్ ఖరీదు. కళ్ళు మూసుకుని తినే ఆ మస్తానయ్య, ఎంత మంచివాడో అనుకునేది ఆయన్ని, ఆయన కళ్ళు తెరిచి కారం తక్కువన్నాడు, పకోడీ తిన్నాడు, ఆటో ఎక్కి ఇంటికి పోయాడు, ఆయన పెళ్ళాంతో ఏమని చెప్పి ఉంటాడో! మొన్న కారం తక్కువన్న రోజు రాత్రి తను పడుకోలేక బోర్లా పడుకుని, రేపు ఎన్ని మిరపకాయలు ఎక్కువ వెయ్యాలో అని ఆలోచించింది. ఆలోచించింది! ఉపవాసాలు చేసింది, నాలుక గీసుకుంది, చిటికెలు లెక్కపెట్టుకుంది. ఉప్పు ఏ రోజూ ఎక్కువ కాలేదు. ఏ రోజూ తక్కువ కాలేదు. తన చెయ్యి మంచి చెయ్యి. ఇన్నేళ్ళూ తన చేతిని తనే తిట్టుకుంది, ఈ చెయ్యి విరిగిపోనీ దేవా అని కూడా అనుకుంది. ఛీ, ఛీ. ఎవరి మీద ఉమ్మెయ్యాలి ముందు? కొట్టినవాడి మీదా, గరిటె వాయించినదాని మీదా, ప్లేటు నాకి మూతి తుడుచుకుని అబద్ధమాడినవాడి మీదా? వచ్చింది ఏడుపు కాదు. ఏడుపు ఎలా ఉంటుందో ఆమెకు బాగా తెలుసు.

"ఎట్టుండాయన్నా నూడుల్స్?" అన్న గొంతు వినపడింది.

"బాగుండాయి గానీ, ఉప్పే కొంచెం ఎక్కువైందన్నా" అన్నాడు సుశీల్, ఎంతో మొహమాటంగా.

"ఒక్క నిమిషం అన్నా."

పరదా తొలగింది. తిమోతి వచ్చి అట్లకాడ అందుకున్నాడు. బయట ఎలిశబెతమ్మ కుర్చీ కిర్రుమంది, ఠంగు ఠంగు మొదలైంది.

"ఉప్పు సరిగ్గానే ఉంది" అన్నది జయశీల.

ఇన్నేళ్ళలో ఆమె ఎదురు చెప్పడం అదే మొదలు. తిమోతికి అర్థం కాలేదు. "ఏందీ?" అన్నాడు.

"ఆ అబ్బయ్య ప్లేటు చూసి రా. ఒక్క పోగు కూడా మిగల్లేదు. ఆమ్లెట్ కోసం చెప్తా ఉండాడు. అందురూ అందుకోసమే చెప్తా ఉండారు. నా చెవులతో విన్నా."

అట్లకాడ భుజం మీద పడింది. తర్వాత మెడ కింద. తర్వాత ఆయనకూ ఏమైందో, తన కట్టుబాటు తనే మరిచిపోయి, ఎడమ చేత్తో చెంప మీద గుభీమని కొట్టాడు. ఆమె తల గోడకు తగిలింది. "కస్టమరు అబద్ధం చెప్తాడా? నువ్వు నిజం చెప్తావా?" అని చిన్నగానే అన్నాడు గానీ, ఫ్యాను లేదు. ఆ మాట, ఆ చెంపదెబ్బ, గోడకు తల తగిలిన చప్పుడు, పరదా దాటి శుభ్రంగా బయటికి పోయాయి. ఠంగు ఠంగు ఇంకా గట్టిగా మోగింది, అయినా చాల్లేదు. తిమోతి గబగబా ఆమ్లెట్ పెనం మీద వేసి, తీసి, ప్లేటులో పెట్టుకుని, మొహానికి నవ్వు తగిలించుకుని పోయాడు. బయట ఎవరో కిసుక్కుమన్నారు. "చెప్పినానా?" అన్న సుశీల్ గొంతు వినపడింది.

జయశీల మాడిన పకోడీని నూనెలోంచి తీసి పక్కన పడేసింది. పొయ్యి కట్టెయ్యలేదు. జల్లిగరిటెను మళ్ళీ నూనెలో ముంచి, దాని కర్రపిడి పట్టుకుని ఎత్తి, నూనె ఓడ్చి, పరదా తీసుకుని బయటికి వచ్చింది.

లైట్ల వెలుగులోకి ఆమె రావడం అక్కడున్నవాళ్ళలో సగం మంది ఎప్పుడూ చూడలేదు. చెంప మీద అయిదు వేళ్ళూ తేలి ఉన్నాయి. పైట చెదిరి మెడ కింద ఎర్రటి చార కనపడుతోంది. ఎలిశబెతమ్మ గరిటె చేతిలోనే పట్టుకుని ఆగిపోయింది. ఎప్పుడూ పార్సిల్ కోసం వచ్చే పక్క టైలరు షాపు ముంతాజ్ బేగం "యా అల్లా" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. జయశీల తిన్నగా సుశీల్ కుమార్ బల్ల దగ్గరికి పోయింది.

"ఉప్పెక్కువైందన్నది నువ్వే గదా అబ్బయ్యా?"

వాడు పక్కవాడి వైపు చూశాడు.

"ఆయనెందుకు మధ్యలో? ఆయనకీ చెయ్యి నొప్పి పుట్టదా? ఇంద. నువ్వే కొట్టు." గరిటె పిడిని వాడి వైపు తిప్పి జాపింది. గరిటె నుంచి సన్నటి పొగ లేస్తోంది. "పట్టుకో. బాగలేదని చెప్పేదానికి నోరుంది గదా, కొట్టేదానికి చెయ్యి లేదా? యాడ కొట్టాల్నో నేను చూపిస్తా. యాడ కొడితే బయటికి కనపడదో నాకు బాగా తెలుసు."

"ఏందక్కా ఇది, మేమేదో..." అన్నాడు సుశీల్. వాడి ముందున్న ఆమ్లెట్ ప్లేటు వాడికే పరాయిదైనట్టు మోచేత్తో దూరంగా నెట్టాడు.

"మీరేదో ఏంది? తినబ్బా ఆమ్లెట్. నా ఈపు కాల్చి ఏసిన ఆమ్లెట్, సల్లారిపోతా ఉంది."

"లోపలికి పోమే!" తిమోతి ఒక్క అంగలో వచ్చి ఆమె జుట్టు పట్టుకున్నాడు. "పిచ్చి పట్టిందా నీకు? కస్టమర్ల ముందర? పో లోపలికి!" అని కుడి చెయ్యి ఎత్తాడు. ఇంతమంది ముందు చెయ్యి ఎత్తడం ఆయనకూ అదే మొదలు. ఎవరైనా లేచారా అంటే, ఎవరూ లేవలేదు. లేచే ఉద్దేశం ఒక్కడి మొహంలోనూ లేదు. జయశీల అది చూసింది, చూసి, ఎత్తిన ఆ చేతి మీద, మోచేతి కింద మెత్తటి చోట, కాలే జల్లిగరిటెను అదిమిపెట్టింది. చుర్రుమంది. ఆయన గొంతులోంచి వచ్చిన అరుపు హైవే మీద పోయే లారీల మోతను దాటి పోయింది. జుట్టు వదిలేశాడు. ఆమె మాత్రం గరిటె వెంటనే తియ్యలేదు. రెండో అరుపు కూడా విన్నాక తీసింది.

అప్పుడు చూడాలి మన జనాన్ని! కుర్చీలు పడ్డాయి, ప్లేట్లు పగిలాయి. "నీళ్ళు పొయ్యండ్రా", "ఐసు తెండ్రా", "టూత్‌పేస్టు పుయ్యండి" అని తలా ఒక దిక్కు పరుగు. ఇన్నేళ్ళూ ఒక్కరి ఫోనులోనూ లేని పోలీసు నెంబరు ఆ నిమిషంలో నలుగురి ఫోన్లలో దొరికింది. సుశీల్ కుమారే ముందు మాట్లాడాడు. "సార్, చిల్లకూరు సర్వీసు రోడ్డు సార్, ఒకామె మొగుణ్ణి కాల్చేసింది సార్, మా కళ్ళ ముందరే!" ఎలిశబెతమ్మ గుండెలు బాదుకుంటూ, "నా బిడ్డను చంపేస్తా ఉంది, పట్టుకోండయ్యా రాక్షసిని" అని ఏడుస్తోంది. తిమోతి కుళాయి కింద చెయ్యి పెట్టుకుని చిన్నపిల్లాడిలా గుక్కపెట్టాడు. జయశీల ఎవరికీ అడ్డం పోలేదు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని ఆమెకు గుర్తొచ్చింది. బాణలిలో ఇంకో కస్టమరు కోసం కలిపిన నూడుల్స్ ఉన్నాయి. ఒక ప్లేటు తీసుకుని వాటిని పెట్టుకుని, గరిటెను పక్కన ఆనించి, కొత్త కుర్రాడు ఖాళీ చేసిన కుర్చీలో కూర్చుని తినసాగింది. మొదటి ముద్దకు ఆమె కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. రుచిగా ఉన్నాయి. పలుకు పలుకుగా, కారం నాలుకకు తగిలీ తగలకుండా, ఉప్పు ఎంత ఉండాలో అంతే. ఇంత బాగా వండే మనిషినా నేను అనుకుంటే అప్పుడొచ్చింది ఏడుపు, తింటూ తింటూనే ఏడ్చింది.

ముంతాజ్ బేగం వచ్చి పక్కన వంగింది. "జయా, నేను చెప్పేది ఇను. పోలీసులొస్తే నూనె చిందిందని చెప్పు. చెయ్యి జారిందని చెప్పు. నేను సాక్ష్యం చెప్తా. లేదంటే నిన్ను తీసుకపోయి లోపలేస్తారు తల్లీ."

"నువ్వెప్పుడన్నా విన్నావా అక్కా, లోపల కొట్టే చప్పుడు?" అన్నది జయశీల.

ముంతాజ్ బేగం తన షాపు వైపు చూసింది. "గోడ అవతలే గదా నా మిషను. ఇన్నాను. విని, మిషను ఇంకా గట్టిగా తొక్కినాను." కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "అందుకే ఇప్పుడన్నా సాయం చెయ్యనీ."

విచిత్రం చూడండి, కాసేపటికి తిమోతి కూడా అదే మాట పట్టుకొచ్చాడు. చేతికి తడిగుడ్డ చుట్టుకుని, బల్లకు కొంచెం దూరంలోనే ఆగి, ఆమె చేతి పక్కనున్న గరిటెను ఓరగా చూస్తూ అన్నాడు. "నూనె చిందిందని చెప్పు. నేనూ అట్నే చెప్తా. రేపు షాపు తియ్యాల గదా. పెళ్ళాం కాల్చిందంటే నా మొహం యాడ పెట్టుకోవాల? నీకూ మంచిది, నాకూ మంచిది."

నూనె చిందింది. ఈ మాట ఆమెకు కొత్తది కాదు. రెండేళ్ళ కిందట ఆమె మణికట్టు మీద ఆయన కాలే పెనం పెట్టినప్పుడు గూడూరులో ఆసుపత్రికి తీసుకుపోతూ దారంతా ఇదే నేర్పాడు. నూనె చిందింది సిస్టర్ అని ఆమె చెప్పింది. సిస్టరు కాలిన మచ్చ పెనం అంచులా వంపు తిరిగి ఉండటం చూసింది, ఆమె మొహం చూసింది, చిందిందనే రాసుకుంది. ఆయన్ని కాపాడటానికి ఆ రోజు అన్న మాటే ఈ రోజు తనను కాపాడుతుందట. ఒప్పుకుంటే ఇద్దరూ ఇంటికి పోవచ్చు. రేపు మధ్యాహ్నం మళ్ళీ దబరా ఎక్కించవచ్చు. ఆయన ఇకపై కొట్టకపోవచ్చు కూడా, ఆ కళ్ళలో భయం కనపడుతూనే ఉంది. కానీ ఒప్పుకుంటే, ఇక్కడ ఏమీ జరగలేదని అర్థం. ఇవాళా జరగలేదు, ఇన్నేళ్ళూ జరగలేదు, ఒట్టి నూనె, చిందుతూ ఉంటుంది. జయశీల ప్లేటులో ఆఖరి పోగు కూడా తిని, నీళ్ళు తాగింది.

జీపు ఆగింది. ఒక హెడ్ కానిస్టేబులూ, ఒక లేడీ కానిస్టేబులూ దిగారు. దిగీ దిగగానే అందరూ ఒక్కసారే మాట్లాడారు. హెడ్డు చెయ్యెత్తి ఆపి, తిమోతి గుడ్డ విప్పించి చూశాడు. కమిలి బొబ్బలెక్కిన చర్మం మీద జల్లిగరిటె చిల్లులు వరసగా అచ్చుపడి ఉన్నాయి.

"ఎట్ట జరిగింది?" అన్నాడు.

"నూనె చిందింది సార్" అన్నాడు తిమోతి. ఎలిశబెతమ్మ నోరు తెరిచి, కొడుకు చూపు చూసి మూసుకుంది. ముంతాజ్ బేగం "అవున్సార్, చెయ్యి జారింది" అన్నది. ఫోను చేసిన సుశీల్ కుమారు కూడా, అమ్మయ్య, ఇంతటితో పోతుందనుకున్నాడేమో, "అట్నే ఉంది సార్, మేం దూరంగా ఉన్నాం, సరిగ్గా కనపడలా" అన్నాడు. ఎవరికి కావాల్సిన అబద్ధం వాళ్ళకు దొరికింది. మెల్లగా బళ్ళ తాళాలు జేబుల్లోంచి బయటికి వస్తున్నాయి.

లేడీ కానిస్టేబులు జయశీల చెంప వైపు చూస్తోంది. "నువ్వు చెప్పమ్మా. చిందిందా?"

జయశీల లేచి నిలబడింది. పైట సర్దుకుంది.

"చిందలేదు మేడం. కాల్చినా. కాల్చాలనే కాల్చినా. నన్నేం చేస్తారో చెయ్యండి, ఎందుకు కాల్చినానో మాత్రం మొదట్నుంచీ చెప్తా, రాసుకోండి. కూర్చోండి, శానా సేపు పడతది."

బయట ఎవరో బండి స్టార్టు చేశారు. జయశీల అటు తిరిగి, ఇన్నేళ్ళలో ఆ షాపులో ఎవరూ వినని గొంతుతో అన్నది.

"ఎవురూ పోబాకండి. ఇందులో మీరందురూ ఉండారు."